వంగమడి మీద కట్టిన వల

ఈ పని ఏమిటంటే

ఉద్యానశాఖలో క్షేత్రస్థాయి ఉద్యోగిగా చేరి, ఆ మెట్టుకు ఒకటి రెండు మెట్లు పైన రిటైరయ్యాను. ఆళ్లగడ్డలో చాలా ఏళ్లు, కోయిలకుంట్లలో కొన్నేళ్లు, చివరికి నంద్యాలలో పనిచేశాను. ఏ హోదా ఎప్పుడొచ్చిందో ఇక్కడ రాయను. అది చదివితే ఎవరి పాదుకూ ఒక కాయ ఎక్కువ కాయదు.

పెరటి కూరగాయల పని నాకు మొదట శిక్షగానే అప్పగించారు. మామిడి, అరటి, మిరప తోటలు చూసేవాళ్లకు ఆఫీసులో గౌరవం ఉండేది. పెద్ద రైతులు వాళ్లకోసం కుర్చీ వేయించేవారు. ఇంటి వెనక నాలుగు వంగమొక్కలూ రెండు కాకర పాదులూ పెట్టుకున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లే నన్ను మాత్రం "పెరటి సారు" అని నవ్వేవారు. నాకూ మొదట్లో చిన్నతనంగానే ఉండేది.

కొన్నాళ్లకు తేడా తెలిసింది. పొలంలో మందు కొట్టిన కాయ బండెక్కి ఎక్కడికో పోతుంది, తినేవాడి మొహం రైతుకు కనపడదు. పెరట్లో అలా కాదు. మందు కొట్టిన చెయ్యే కాయ కోస్తుంది, అదే చెయ్యి కూర వండి ఇంట్లోవాళ్లకు వడ్డిస్తుంది. అందుకే పెరటికి మందు కంటే వల మేలని నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. సన్నటి తెల్ల నైలాన్ వల, దోమతెర లాంటిదే. కాయలో కనపడే పురుగుకు తల్లి రాత్రిపూట ఎగిరే ఒక చిన్న రెక్కలపురుగు. అది మొక్కను తాకకపోతే గుడ్డు లేదు, గుడ్డు లేకపోతే పురుగు లేదు. శాస్త్రమంతా ఇంతే.

ఇంత సులువైన పనిలో నేను రెండుసార్లు పెద్ద తప్పులు చేశాను. మొదటిది ఒప్పుకున్నాను, రెండోది ఒప్పుకోలేదు. కొత్తగా చేరేవాళ్లు చదవాల్సింది రెండోదాని గురించే. అయినా మొదటిది కూడా చెబుతాను, అప్పుడే నేను ఎంత దిగజారానో తెలుస్తుంది.

ఎస్తేరు టీచరమ్మ కాకర పందిరి

నేను ఆళ్లగడ్డలో చేరిన కొత్తలో అక్కడ ఎస్తేరు టీచరమ్మ అని ఒకామె ఉండేది. చర్చి వెనక వీధిలో సొంత ఇల్లు. బడి నుంచి రిటైరయ్యాక ఆమెకు కాకర పందిరే లోకం. కాయ చేతి వేలంత కాగానే ఈగ పొడిచేది, నాలుగు రోజుల్లో కాయ పండుబారి కుళ్లిపోయేది. నేను వెళ్లి పందిరి మొత్తాన్ని వలతో కప్పించి, కింద అంచులన్నీ మట్టిలో పూడ్పించాను. ఈగ కాదు గదా, చీమ కూడా దూరదని గొప్పగా చెప్పి వచ్చాను.

మూడు వారాల తర్వాత ఆమె ఆఫీసుకే కబురు పంపింది. వెళ్లి చూస్తే పందిరి పచ్చగా ఉంది, పూలు విరగబూశాయి, కాయ మాత్రం ఒక్కటీ లేదు. పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఆమె నన్ను పందిరి కింద నిలబెట్టి, క్లాసులో వెనక బెంచీవాణ్ని అడిగినట్టు అడిగింది.

"సార్, ఈ మగపువ్వు పొడి ఆ ఆడపువ్వు మీదికి ఎవరు తీసుకపోవల్ల?"

"తేనెటీగలు."

"అవి యాడుండాయి?"

అవి వల బయట ఉన్నాయి. ఈగను ఆపాలన్న తొందరలో తేనెటీగను కూడా ఆపేశాను. కాలేజీలో చదివిన మొదటి పాఠమే అది. తప్పు నాదేనని అక్కడే ఒప్పుకున్నాను. ఆమె నవ్వి టీ ఇచ్చింది. ఇద్దరం కలిసి వల విప్పాం. తర్వాత ఆ వలనే చిన్న చిన్న సంచులుగా కుట్టి, పిందె నిలబడ్డాక ఒక్కో కాయకూ ఒక్కో సంచి తొడిగింది. ఆ ఏడాది వీధిలో అందరికీ కాకరకాయలు పంచింది. ఎవరైనా అడిగితే మా సారు దగ్గర నేర్చుకున్నానని చెప్పేది. అబద్ధమే, కానీ నా తప్పు నేను ఒప్పుకున్నందుకు ఆమె నాకిచ్చిన మర్యాద అది.

అది చిన్న తప్పు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఒప్పుకోవడం సులువైంది. నేను నిజాయితీపరుణ్నని చాలాకాలం అనుకోవడానికి ఆ ఒక్క సంగతి సరిపోయింది.

తిరుపాలమ్మ పెరడు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్లున్న వీధి ఒకటి నా పరిధిలోకి వచ్చేది. పొద్దున్నే రాయి కోసే మిషన్ల చప్పుడు మొదలయ్యేది, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. ఆ వీధిలో ఓబులేసు అనే శిల్పి, అతని భార్య తిరుపాలమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. అతనికి అప్పటికి యాభై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్లు మిషన్ దగ్గర పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. డాక్టర్లు దుమ్ముకు, పొగకు, ఘాటు వాసనకు దూరంగా ఉండమన్నారు. బరువు పని మానేసి, ఇంటి అరుగు మీద కూర్చుని విగ్రహాల కళ్లూ వేళ్లూ దిద్దే సన్నపని మాత్రం చేసేవాడు. ఆ పనిలో అతని చెయ్యి గొప్పదని వీధిలో అందరూ అనేవారు.

తిరుపాలమ్మ పెరట్లో ఒక మడి నిండా వంగ పెట్టింది. ప్రతి కొమ్మా చివర వాడి వేలాడుతోంది, ప్రతి కాయకూ బెజ్జం ఉంది. వీధిలో మిగిలినవాళ్లు మందు కొట్టేవారు. ఆమె కొట్టలేదు.

"ఆయప్పకు మందు వాసన పడదు సార్," అంది. "పక్కింటోళ్లు కొడితేనే రెండు రోజులు దగ్గుతాండాడు. అట్లని కూరగాయలు మాననూ లేను. వంకాయంటే పాణం ఆయప్పకు. మందు లేకుండా ఏమన్నా ఉంటే చెప్పండి."

మందు లేకుండా ఏమన్నా ఉంటే చెప్పమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. అందరూ బలమైన మందు పేరు చెప్పమనేవారు. నేను వల సంగతి చెప్పాను. ఉన్న మొక్కలన్నీ పీకి కాల్చాలని, మట్టి తవ్వి కొన్ని వారాలు ఎండనివ్వాలని, కొత్త నారు పోసి అప్పుడు వల కట్టాలని చెప్పాను. ఎందుకంటే ఈ పురుగు ముదిరాక కాయలోంచి దిగి మట్టిలోనే గూడు కట్టుకుంటుంది. ముందు మట్టిని శుభ్రం చేయకపోతే పురుగును వల లోపలే పెట్టి మూసినట్టు అవుతుంది. ఆమె అన్నీ విని, తొందరేం లేదు, చెప్పినట్టే చేస్తానంది.

తొందర మా ఆఫీసుకు వచ్చింది.

ఫోటో

అప్పటికి నంద్యాల ఇంకా జిల్లా కాలేదు, పెద్ద అధికారులు కర్నూలు నుంచే వచ్చేవారు. మా పై అధికారి చురుకైన మనిషి, మాటకారి. అతని పేరు అనవసరం. అతనికి మొక్క కంటే మొక్క ముందు నిలబడి దిగిన ఫోటో ముఖ్యం. అలాంటివాళ్లు నా ఉద్యోగంలో ముగ్గురు తగిలారు, ముగ్గురూ నాకంటే పైకి వెళ్లారు.

పై నుంచి బృందం వస్తోందనీ, నాలుగు రోజుల్లో వల కట్టిన పెరడు ఒకటి చూపించాలనీ చెప్పాడు. నేను తిరుపాలమ్మ పేరు చెప్పి, మడి తయారు కావడానికి ఇంకా రెండు నెలలు పడుతుందన్నాను. మొక్కలు ఉన్నాయి కదా, వాటి మీదే కట్టెయ్ అన్నాడు. పురుగు లోపలే ఉంటుందన్నాను. "ఫోటోలో పురుగు కనపడుతుందా?" అని అడిగాడు.

నేను వెళ్లి కట్టాను. వెదురు గడలు పాతి, మనిషి కాస్త వంగి లోపలికి పోయేంత ఎత్తున గుడారంలా కట్టాం. వాడిన కొమ్మల్ని పైపైన తుంచేశాను. మట్టి తవ్వకుండానే కట్టేస్తున్నారేమని తిరుపాలమ్మ అడిగింది. ఇలా కూడా పనిచేస్తుందిలే అని చెప్పాను. అదే నా మొదటి అబద్ధం.

బృందం వచ్చింది, చూసింది, వెళ్లింది. ఫోటో పేపర్లో పడింది. ఓబులేసుకు ఆ వల చాలా నచ్చింది. వల లోపల గాలి తక్కువ కాబట్టి పూలు బాగా నిలబడాలంటే రోజూ కొమ్మల్ని మెల్లగా తట్టాలని నేను చెప్పాను. ఆ పని అతను తీసుకున్నాడు. రోజూ చిన్న ముక్కాలిపీట పట్టుకుని లోపలికి పోయేవాడు. పురుగు దూరకుండా వెంటనే వల మూసేయాలని కూడా నేనే నేర్పాను, మరిచిపోకుండా మూసేవాడు. విగ్రహాల వేళ్లు దిద్దే చేత్తో ఒక్కో పూరెమ్మనూ తట్టేవాడు. నెలలో రెండుసార్లు వెళితే రెండుసార్లూ లోపలే కూర్చుని కనిపించాడు.

కాయలొచ్చాయి. తిరుపాలమ్మ నా ముందే ఒకటి కోసింది. లోపల పురుగు. ఇంకోటి కోసింది. దాంట్లోనూ పురుగే. బయట ఉన్నప్పటికంటే ఎక్కువగా పట్టింది, ఎందుకంటే పురుగుల్ని తినే పిట్టల్ని కూడా వల ఆపేసింది.

నోటితో చెప్పిన మాట

ఆఫీసులో చెప్పాను. ఇంకో బృందం రాబోతోందట, అదే పెరడు చూస్తారట. ఒక్కసారి మందు కొట్టించు, వల ఉంది కదా, వాసన బయటికి రాదు అన్నాడు పై అధికారి. ఆ ఇంటాయన ఊపిరి సంగతి చెప్పాను. ఒక పూట అతన్ని ఎటైనా పంపమను అన్నాడు.

అక్కడ నేను కుదరదని చెప్పి ఉండాల్సింది. నా ఉద్యోగం పోయేది కాదు. మహా అయితే నాలుగు మాటలు పడి, ఒక బదిలీ వచ్చేది. నేను బండి తీసుకుని ఆళ్లగడ్డ వీధిలోకి వెళ్లి, మందు పేరు చెప్పి, ఎంత నీళ్లకు ఎంత కలపాలో చెప్పాను.

"మీరే గదా సార్, వల ఉంటే మందు పనే లేదన్నది," అంది తిరుపాలమ్మ.

ఒక్కసారికే అన్నాను. చీటీ మీద రాసివ్వమంది. నోటితో చెప్తే చాల్లే అన్నాను. ఎందుకలా అన్నానో ఆ రోజు నేను అనుకోలేదు. ఇప్పుడు తెలుసు. రాసిస్తే అది నా చేతిరాత అవుతుంది.

మర్నాడు పొద్దున ఆమె ఓబులేసును అతని అన్న ఇంటికి పంపి, సాయంత్రం దాకా రావద్దని చెప్పి, మందు కొట్టింది. ఎందుకు పంపుతోందో మాత్రం అతనికి చెప్పలేదు. మందు అంటే కొట్టనివ్వడని భయం. ఆ తర్వాత రేషన్ షాపుకు వెళ్లింది. ఓబులేసుకు అన్న ఇంట్లో పొద్దుపోలేదు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. ముక్కాలిపీట పట్టుకుని వల లోపలికి పోయాడు, నేను నేర్పినట్టే వెనక్కి తిరిగి వల మూసుకున్నాడు. ఆకులింకా తడిగా ఉన్నాయి, లోపల ఎండ వేడి ఉంది. దగ్గు మొదలై బయటికి రాబోయి, మూసిన వలలో చెయ్యి చిక్కుకుని పడ్డాడు. పక్కింటివాళ్లు వల కోసి బయటికి లాగారు.

ఆటోలో పెద్దాసుపత్రికి, అక్కణ్నుంచి నంద్యాలకు తీసుకెళ్లారు. బతికాడు. పదిహేను రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత ఉలి పట్టుకుంటే చెయ్యి వణికేది, రెండు నిమిషాలు కూర్చుంటే ఆయాసం వచ్చేది. మళ్లీ ఏ విగ్రహానికీ కళ్లు దిద్దలేదు.

మంచం దగ్గర

విషయం పేపర్లో వస్తుందని మా పై అధికారికి భయం పట్టుకుంది. పరామర్శకని నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వచ్చాడు. పండ్లు తెచ్చాడు. ఓబులేసు అరుగు మీద మంచంలో ఉన్నాడు, అతని అన్న పక్కన నిలబడి ఉన్నాడు. తిరుపాలమ్మ గడపలో కూర్చుని ఉంది.

వల లోపల మందు కొట్టమని మా శాఖలో ఎవ్వరూ చెప్పరని, అది నిబంధనలకే విరుద్ధమని, ఆమె తెలియక తొందరపడి ఉంటుందని, జరిగిందేదో జరిగిందని పై అధికారి చాలా మెత్తగా చెప్పాడు. మంచి గొంతు అతనిది. వింటుంటే నాకే నిజమనిపించింది.

ఓబులేసు అతన్ని చూడలేదు. నన్ను చూశాడు. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ అడిగాడు.

"సార్, మీరు చెప్పినారంటాండాది మా యింట్లో ఆమె. చెప్పినారా?"

నేను పండ్ల సంచి వైపు చూశాను. ఆయనెందుకు చెప్తాడు అని పై అధికారి అందుకున్నాడు. ఓబులేసు ఇంకా నన్నే చూస్తున్నాడు.

గడపలోంచి తిరుపాలమ్మ ఒక్క మాట అంది. "నా తట్టు చూడండి సార్."

నేను చూడలేదు. ఓబులేసు సరేలే అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరుగు దారిలో పై అధికారి నా భుజం తట్టి, మంచి పని చేశావన్నాడు. నేను చేసిందల్లా నోరు మూసుకోవడం.

లబ్ధిదారు సూచనలు పాటించనందువల్ల నష్టం జరిగిందని ఆఫీసులో రాసుకున్నారు. కింద నా సంతకం ఉంది. తర్వాత నేనే అడిగి కోయిలకుంట్లకు బదిలీ చేయించుకున్నాను. ఆ వీధిలోంచి మళ్లీ బండి నడపలేక.

మీకు చెప్పేది

కోయిలకుంట్లలో ఉండగా తెలిసింది, తిరుపాలమ్మ మరుసటి ఏడాది పెరట్లో ఇంకో మూల మట్టి తవ్వి, ఎండబెట్టి, నారు కూడా దోమతెర కిందే పోసి, కోసిన వలను కుట్టుకుని మళ్లీ వంగ పెట్టిందని. నేను మొదటి రోజు చెప్పిన పద్ధతి ఒక్కటీ తప్పలేదు. పురుగు లేని కాయలు కోసింది. నా తర్వాత వచ్చినవాళ్లు ఆ మడిని ఫోటో తీశారు. ఆ ఫోటో నాకూ చేరింది. దాన్ని గోడ మీద వేసి చూపించి, శిక్షణ తరగతుల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాను. ఈ పద్ధతి నేర్పింది నేనేనని కూడా చెప్పాను. మొదటి మడి సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

అందుకని కొత్తవాళ్లకు వల గురించి చెప్పడం నాకు సులువే. మట్టి శుభ్రం చేయకుండా కట్టొద్దు. తేనెటీగ కావాల్సిన పాదును మూయొద్దు. వల లోపల మందు కొట్టించొద్దు. కష్టమైనది వేరే ఉంది. పై అధికారి అడిగింది తప్పని తెలిసినప్పుడు, మీకు అక్కడికక్కడే చాలా కారణాలు దొరుకుతాయి. పిల్లల చదువు, ఇంటి లోను, బదిలీ, రేపటి మీటింగు. నాకూ దొరికాయి. అవన్నీ నిజమైన కారణాలే. వాటిలో ఆ రోజు నేను ఏది చెప్పుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. మంచంలోంచి నన్ను చూసిన ఆ రెండు కళ్లు గుర్తున్నాయి.

చెడ్డ అధికారుల వల్లే శాఖ పాడైందని రిటైరైనవాళ్లం కూర్చున్నప్పుడు అనుకుంటూ ఉంటాం. అది సగమే. వాళ్లు చెప్పిన ప్రతిదీ ఇంటింటికీ మోసుకుపోయినవాళ్లం మేము. మా పై అధికారికి తిరుపాలమ్మ ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా నేను చూపిస్తేనే తెలిసింది.

మళ్లీ ఆ ఇంటికి

రిటైరైన ఏడాది తర్వాత ఒకరోజు నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాను. ఎవరూ పంపలేదు. చెప్పేస్తే మనసు తేలికవుతుందని నా లెక్క. అది కూడా నాకోసమే, ఆమెకోసం కాదు.

ఓబులేసు చనిపోయి రెండేళ్లయిందని వీధి మొదట్లోనే తెలిసింది. అతని అన్న అంతకుముందే పోయాడట. తిరుపాలమ్మ పెరట్లో వల నేలమీద పరిచి, చిరుగులు కుడుతోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

నిలబడే చెప్పాను. ఆ రోజు మందు కొట్టమన్నది నేనేనని, మంచం దగ్గర మాట్లాడకపోవడం నా తప్పని, క్షమించమని. బస్సులో అనుకుంటూ వచ్చిన మాటలే, అన్నీ చెప్పాను.

ఆమె సూది ఆపలేదు. "నాకు చెప్తారేంది సార్? మీరు చెప్పింది నాకు తెల్దా? అడిగింది ఆయప్ప."

కావాలంటే జరిగిందంతా రాసి, సంతకం పెట్టి ఇస్తానన్నాను. రాసిస్తే యాడ పెట్టుకునేది అంది. కాసేపు కుట్టి, దారం పళ్లతో కొరికి, అప్పుడు చెప్పింది.

"తిట్టలేదు సార్ నన్ను. ఒక్క మాటనలేదు. ఆ పొద్దు నుంచి పొయ్యేదాక, నేను అన్నం పెడితే తినేముందు ఒకసారి వాసన చూసేటోడు. పూటపూటా. నేను చూడకుండా తలకాయ పక్కకు తిప్పుకుని మరీ."

ఎండ నెత్తి మీదికి వచ్చింది. రాయి కోసే మిషన్ ఎక్కడో ఆగి మళ్లీ మొదలైంది. ఇంకేదైనా అంటుందేమోనని నిలబడ్డాను. ఆమె వల లాగింది, రాలేదు. ఇంకోసారి లాగి, తల ఎత్తి చూసింది.

"కాలు తీయండి సార్. వల మీద నిలబడుకున్యారు."

నేను పక్కకు జరిగాను. ఆమె ఇంకో చిరుగు వెతుక్కుని సూదిలో దారం ఎక్కించుకుంది.